సంగీత సందేహాలు: గిటార్ కంటే ముందు వినిపించే ఆ కీచురవం

ప్రశ్న: వేల్స్‌కు చెందిన మానిక్ స్ట్రీట్ ప్రీచర్స్ రాక్ బృందం 1991లో విడుదల చేసిన ‘యూ లవ్ అస్’ సింగిల్‌లో గిటార్ కంటే ముందు ఒళ్లు జలదరించే కీచురవం వినిపిస్తుంది. 1992 నాటి ఆల్బమ్‌లో అది లేదు. అది సింథసైజర్‌తో పుట్టించిన శబ్దమా? ఇలాంటి పాటలు ఇంకా ఉన్నాయా?
– ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: అందులో సింథసైజర్ ప్రమేయం లేదు. పోలండ్ స్వరకర్త క్షిష్టోఫ్ పెండెరెట్స్కి కేవలం 52 తీగవాద్యాల కోసం రాసిన ‘థ్రెనొడీ టు ద విక్టిమ్స్ ఆఫ్ హిరోషిమా’ (హిరోషిమా బాధితులకు శోకగీతం) రికార్డింగు నుంచి తీసుకున్న ముక్క అది. ఆ రచన ఆరంభంలో ఆయన వాదకులకు ఫలానా స్వరమని నిర్దేశించకుండా, ఎవరి వాద్యంలో పలికే అత్యంత పై స్వరాన్ని వారు వాయించాలని నల్లని త్రిభుజపు గుర్తుతో సూచించారు. అందువల్ల ఏ ఇద్దరి స్వరమూ కచ్చితంగా కలవదు. ఆ తర్వాత వాద్యపు పెట్టెను తట్టడం, బ్రిడ్జికి, అంటే తీగలను ఎత్తిపట్టే చెక్క ముక్కకు, అవతలి వైపు తీగల మీద కమాను నడపడం వస్తాయి. మన గమకంలో స్వరం నుంచి స్వరానికి జారేటప్పుడు మధ్యనున్న సూక్ష్మ శ్రుతులు ఒకదాని వెంట ఒకటిగా తగులుతాయి కాబట్టి హాయిగా ఉంటుంది. ఇక్కడ అటువంటివన్నీ ఒకేసారి మోగడంతో చెవికి ఆధారశ్రుతి అంటూ మిగలదు. అన్నట్టు, ఈ రచనకు మొదట పెట్టిన పేరు దాని నిడివి మాత్రమే: 8 నిమిషాల 37 సెకన్లు. హిరోషిమా పేరు తర్వాత చేరింది కనుక, అందులో బాంబు శబ్దాల కోసం వెతకడం అనవసరం.

రెండో ఉదాహరణగా ఇంగ్లండ్ రాక్ బృందం రేడియోహెడ్ 2000లో ‘కిడ్ ఎ’ ఆల్బమ్‌లో చేర్చిన ‘ఇడియొటెక్’ను చెప్పాలి. అందులో ఆద్యంతం తిరిగి తిరిగి వచ్చే నాలుగు కార్డ్‌లు (ఒకేసారి మోగే స్వరాల గుంపులు) అమెరికా స్వరకర్త పాల్ లాన్‌స్కీ 1973లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంలో ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్ కంప్యూటర్ మీద రూపొందించిన ‘మిల్డ్ ఉండ్ లైజె’లోనివి, ఆయన అనుమతితోనే వాడుకున్నారు. నా దృష్టిలో ఇదే మెరుగైన వినియోగం. మొదటి పాటలో అరువు తెచ్చిన శబ్దం శ్రోతను ఉలిక్కిపడేలా చేసి తప్పుకుంటుంది కాబట్టే దాన్ని తీసేసినా పాట నిలిచింది. ఇక్కడ ఆ నాలుగు కార్డ్‌లు తీసేస్తే డ్రమ్స్, గొంతు తప్ప దాదాపు ఏమీ మిగలదు.

రేడియోహెడ్ గిటారిస్టు జానీ గ్రీన్‌వుడ్ తర్వాతి కాలంలో పెండెరెట్స్కితో కలిసి 2012లో ఒక ఆల్బమే వెలువరించారు. అందులో ‘థ్రెనొడీ’ పూర్తిగా ఉంది. ఫోన్ స్పీకర్‌లో చెల్లోల, డబుల్ బాస్‌ల కింది స్వరాలు సరిగా వినిపించవు కనుక హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినండి.