కిరాయిలతో కిస్తీ తీరుతుందా? ఒక జడ్చర్ల ఇంటి లెక్క

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో ప్రభుత్వ ఉద్యోగం చేస్తున్నా. వయసు 38. నెలకు 68,000 చేతికొస్తుంది. సొంతిల్లు లేదు, 8,500 కిరాయికి ఉంటున్నాం. దాచుకున్నది 18 లక్షలు. జడ్చర్లలో నాలుగు పోర్షన్ల పాత ఇల్లు 60 లక్షలకు అమ్మకానికి ఉంది. కిరాయిలు 22,000 వస్తాయని, కిస్తీ వాటితోనే తీరిపోతుందని మధ్యవర్తి చెబుతున్నాడు. కొనొచ్చా? మాలాంటి వాళ్లకు ఇళ్లు అందకపోవడానికి ఇలా కిరాయిల కోసం కొనేవాళ్లే కారణమని మా ఆవిడ అంటోంది. నిజమేనా?

జవాబు: ఈ రేటుకు వద్దు. ఎందుకో లెక్క చూడండి.

60 లక్షల ఇంటికి బ్యాంకు ఎక్కువలో ఎక్కువ 80 శాతం, అంటే 48 లక్షలు ఇస్తుంది. అదీ బ్యాంకు ఇంజినీరు 60 లక్షల విలువ కడితేనే. పాత ఇళ్లకు తక్కువ కట్టడమే ఎక్కువ. మీ చేతి నుంచి 12 లక్షలు, రిజిస్ట్రేషన్‌కు 7.5 శాతం చొప్పున 4.5 లక్షలు, సున్నాలు, మోటారు, బ్యాంకు ఫీజులు కలిపి ఇంకో లక్ష. 18 లక్షల్లో మిగిలేది 50 వేలు. రేపు ఇంట్లో ఎవరినైనా ఆసుపత్రిలో చేర్చాల్సి వస్తే ఆ 50 వేలే దిక్కు.

8.5 శాతం వడ్డీకి 20 ఏళ్ల గడువు పెట్టుకుంటే లక్షకు 868 చొప్పున కిస్తీ 41,650 దాటుతుంది. కిరాయి 22,000 అన్నది నాలుగు పోర్షన్లూ ఏడాదంతా నిండి ఉంటే వచ్చే మాట. ఒక్కో పోర్షన్ ఏడాదికి ఒక నెల ఖాళీగా ఉన్నా 22,000 పోయినట్టే. ఇంటి పన్ను, రిపేర్లకు 25,000 తీసేయండి. ఏడాదికి మిగిలేది 2.17 లక్షలు, నెలకు 18,000. మొదటి ఏడాది వడ్డీయే 4 లక్షల పైన ఉంటుంది. కిరాయిలు అసలు దాకా ఎక్కడ వస్తాయి, వడ్డీలోనే సగం దాటి కొంచెం తీరుతుంది. నెలనెలా 23,500 మీ జీతంలోంచి పోవాలి. మీరుంటున్న ఇంటి కిరాయి కలిపితే 32,000.

కిరాయి నష్టం చూపిస్తే పన్ను తగ్గుతుందని కూడా చెప్పి ఉంటారు. కొత్త పన్ను విధానంలో ఉంటే ఆ నష్టాన్ని జీతంలోంచి తీసేసుకునే వీల్లేదు. పాత విధానంలో ఏడాదికి 2 లక్షల వరకే.

అసలు ఈ ఇంటి కిరాయిలు ఎంత అప్పు మోస్తాయి? నెలకు 18,000 మోసేది దాదాపు 20.7 లక్షలు. మీ 12 లక్షలు కలిపితే దాదాపు 33 లక్షలు. మిగతా 27 లక్షలు భూమి ధర పెరుగుతుందనే ఆశకు కడుతున్నారు. పెరగొచ్చు కూడా. కానీ ఆ ఆశను కిరాయి ఆదాయం అని పిలిచి అమ్ముతున్నారు, మధ్యవర్తి మాటలో మెలిక అదే.

ఇక మీ ఆవిడ మాట. చాలావరకు నిజమే. కిరాయి కట్టేది పోలేపల్లి సెజ్ ఫార్మా కంపెనీల్లో పనిచేసేవాళ్లు. వాళ్ల జీతం దాటి కిరాయి పెరగదు. పెంచితే ఒకే పోర్షన్‌లో ఇద్దరి చోట నలుగురు సర్దుకుంటారు. ఇంటి ధరకు ఆ హద్దు లేదు. హైదరాబాద్‌లో ఒక ప్లాట్ అమ్ముకుని వచ్చినాయన గీచి బేరమాడడు. ఆయన ఇచ్చిన రేటే ఆ గల్లీ రేటు అయి కూర్చుంటుంది, జీతం మీద బతికేవాడు పక్కకు తప్పుకుంటాడు. అయితే ఖాళీ ప్లాటులో కొత్తగా రెండు పోర్షన్లు కట్టి కిరాయికిస్తే ఊళ్లో రెండిళ్లు పెరుగుతాయి. ఉన్న ఇంటిని కొంటే యజమాని పేరే మారుతుంది. వెంచర్లలో ప్లాట్లు కొని ఏళ్ల తరబడి ముళ్లకంపకు వదిలేసేవాళ్లు ఇద్దరికన్నా ఎక్కువ చేటు చేస్తున్నారని నా అభిప్రాయం.

మీరైతే మొదట ఉండే ఇల్లు చూసుకోండి. మహబూబ్‌నగర్‌లో 35 లక్షల్లో దొరికితే 28 లక్షల అప్పుకు కిస్తీ 24,300. ఇప్పటి కిరాయి 8,500 మిగులుతుంది కాబట్టి అదనంగా పడేది 15,800. మొదట పెట్టాల్సింది, రిజిస్ట్రేషన్‌తో కలిపి 9.6 లక్షలు. ఎనిమిది లక్షల పైచిలుకు చేతిలోనే ఉంటుంది. పైన ఒక పోర్షన్ వేసుకునేందుకు పునాది, పిల్లర్లు తట్టుకుంటాయో లేదో కొనేముందే ఇంజినీరుకు చూపించండి.

జడ్చర్ల ఇల్లే కావాలనుకుంటే ఒక పోర్షన్‌లో మీరే ఉండండి. అప్పుడు జీతంలోంచి పోయేది 32,000 నుంచి 28,600 అవుతుంది, రోజూ బస్సు ఖర్చు వేరే. రేటు బాగా తగ్గితే తప్ప అదీ బరువే.

బేరానికి వెళ్లేముందు యజమాని చెప్పే కిరాయిలు నమ్మొద్దు. నాలుగిళ్ల తలుపులూ తట్టి, ఫోన్‌పేలో ఆరు నెలల చెల్లింపులు చూపించమని అడగండి. అమ్మకానికి పెట్టాక చుట్టాలను దింపి కిరాయి ఎక్కువ చెప్పించడం మామూలే. పోర్షన్‌కో కరెంటు మీటర్ ఉందా, సెప్టిక్ ట్యాంకు అంతమందికి సరిపోతుందా చూడండి. పై అంతస్తుకు అనుమతి లేకపోతే బ్యాంకు దాన్ని లెక్కలోకే తీసుకోకపోవచ్చు, అప్పుడు 48 లక్షలు 35కి పడినా ఆశ్చర్యం లేదు. ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తనఖాలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) 30 ఏళ్లకు తీయించండి, లింకు డాక్యుమెంట్లన్నీ, అంటే ఇల్లు ఇదివరకు చేతులు మారిన దస్తావేజులన్నీ, వకీలుకు చూపించండి. స్థలం అనుమతి లేని వెంచర్‌దైతే ఎల్ఆర్ఎస్ (అనుమతి లేని ప్లాట్లను క్రమబద్ధీకరించే ప్రభుత్వ పథకం) ఫీజు కట్టిన రసీదు ఒక్కటే చాలదు, క్రమబద్ధీకరణ ఉత్తర్వు కాగితం అడగండి. బయానా లక్ష దాటనివ్వొద్దు. బ్యాంకు లీగల్ రిపోర్టు వ్యతిరేకంగా వచ్చినా, అప్పు ఇంత మొత్తం కన్నా తక్కువ మంజూరైనా బయానా వాపసు ఇవ్వాలన్న షరతును అగ్రిమెంటులోనే రాయించండి.