'విల్' ఎక్కడ పెట్టకూడదో ముందు తెలుసుకోండి

ప్రశ్న: బీటెక్ ఈసీఈ ఫైనలియర్ చదువుతున్నాను. పదో తరగతి వరకు తెలుగు మీడియం. పన్నెండు టెన్సుల టేబుల్ మొత్తం కంఠతా వచ్చు. అయినా కాలేజీలో జరిగిన మాక్ ఇంటర్వ్యూలో 'ఫ్యూచర్ టెన్స్ సరిగ్గా వాడటం లేదు' అని రాసిచ్చారు. నేను చెప్పిన జవాబుల్లో వాళ్లు గీత గీసినవి ఇవి: 'మై ఫాదర్ విల్ డూ అగ్రికల్చర్', 'డైలీ ఐ విల్ గెట్ అప్ ఎట్ ఫైవ్', 'వెన్ ఐ విల్ కంప్లీట్ మై బీటెక్, ఐ విల్ జాయిన్ యువర్ కంపెనీ'. క్యాంపస్ సెలక్షన్స్ దగ్గర పడుతున్నాయి, చాలా టెన్షన్‌గా ఉంది. టెన్సులన్నీ మళ్లీ మొదటి నుంచి చదవాలా?
– ఒక విద్యార్థి, ఖమ్మం

జవాబు: అక్కర్లేదు. టేబుల్ మీకు వచ్చు కాబట్టి దాన్ని పక్కన పెట్టేయండి. మీరు పంపిన మూడు వాక్యాల్లో మొదటి రెండూ అసలు ఫ్యూచర్ వాక్యాలే కావు. నాన్నగారు చేసే పని, మీరు రోజూ లేచే టైమ్... ఇవి ఎప్పుడూ జరిగే సంగతులు. అక్కడికి 'విల్' ఎలా వచ్చిందంటే, తెలుగులో 'రోజూ లేస్తాను' అన్నా 'రేపు లేస్తాను' అన్నా క్రియ ఒకటే. అలవాటుకీ భవిష్యత్తుకీ మనకు వేరువేరు రూపాలు లేవు. ఇంగ్లిష్‌లో ఉన్నాయి. '-తాను', '-తారు' వినపడగానే 'విల్' తగిలించేయడం మనలో చాలామందికి స్కూల్లోనే అలవాటైపోతుంది. 'మై ఫాదర్ విల్ డూ అగ్రికల్చర్' అంటే ఎదుటివాళ్లకు 'మా నాన్న ఇకముందు వ్యవసాయం మొదలుపెడతారు' అన్నట్టు వినిపిస్తుంది.

దీనికి తెలుగులోనే పరీక్ష ఉంది. వాక్యంలో 'రోజూ' గానీ 'మామూలుగా' గానీ పెట్టి చూడండి. అర్థం చెడకపోతే 'విల్' తీసేయండి. 'ఐ గెట్ అప్ ఎట్ ఫైవ్.' 'మై ఫాదర్ ఈజ్ ఎ ఫార్మర్. హీ గ్రోస్ చిల్లీ అండ్ కాటన్.' అన్నట్టు 'డూ అగ్రికల్చర్' కూడా ఇంగ్లిష్‌లో అతకదు. ఏ పంట వేస్తారో చెబితే వాక్యం సరిగ్గా వస్తుంది, అడిగేవాళ్లకూ ఇంకో ప్రశ్న దొరుకుతుంది. మిర్చి గురించి అడిగితే మీకంటే బాగా ఎవరు చెబుతారు?

ముందుముందు విదేశీ చదువుల కోసం ఐఈఎల్టీఎస్ అనే ఇంగ్లిష్ పరీక్ష రాసే ఆలోచన ఉన్నా మొదట బయటపడేది ఈ తప్పే. స్పీకింగ్ టెస్ట్ మొత్తం 11 నుంచి 14 నిమిషాలు. అందులో మొదటి నాలుగైదు నిమిషాలు ఇల్లు, చదువు, అలవాట్ల మీదే అడుగుతారు. అక్కడ ప్రతి వాక్యంలో 'విల్' దొర్లితే గ్రామర్ మార్కు మీద దెబ్బ పడుతుంది.

ఇక మూడో వాక్యం. వెన్, ఇఫ్, ఆఫ్టర్, బిఫోర్, అంటిల్, యాజ్ సూన్ యాజ్... వీటి వెంట వచ్చే ముక్కలో విషయం భవిష్యత్తుదే అయినా 'విల్' పెట్టరు, రెండో ముక్కలో పెడతారు. 'వెన్ ఐ కంప్లీట్ మై బీటెక్, ఐ విల్ జాయిన్ యువర్ కంపెనీ.' స్టాఫ్ సెలక్షన్ కమిషన్ (ఎస్ఎస్‌సీ), బ్యాంకు ఉద్యోగ పరీక్షల్లో తప్పు వెతకమనే ప్రశ్నల్లో 'ఇఫ్ ఇట్ విల్ రెయిన్' లాంటివి ఇస్తూనే ఉంటారు. ఎస్ఎస్‌సీ డిగ్రీ వాళ్లకు పెట్టే సీజీఎల్ పరీక్ష మొదటి దశ (టైర్-1)లో ఇంగ్లిష్‌కి 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు జవాబుకు అర మార్కు పోతుంది కాబట్టి ఈ రూల్ ఒక్కటైనా గట్టిగా పట్టుకోవాలి.

అలాగని 'వెన్' కనపడిన ప్రతిచోటా 'విల్' కొట్టేయకండి. 'ఐ డోంట్ నో వెన్ ద రిజల్ట్స్ విల్ కమ్' కరెక్టే. తేడా తెలుగులో ఇట్టే తెలుస్తుంది. 'రిజల్ట్స్ వచ్చినప్పుడు ఫోన్ చేస్తాను' అంటే 'విల్' రాదు: 'వెన్ ద రిజల్ట్స్ కమ్'. 'రిజల్ట్స్ ఎప్పుడు వస్తాయో తెలీదు' అంటే 'విల్' ఉండొచ్చు. 'వచ్చినప్పుడు'కి ఒక దారి, 'ఎప్పుడు వస్తాయో'కి ఇంకో దారి. ఇఫ్ కూడా అంతే. 'వాళ్లు పిలిస్తే' అన్నచోట 'విల్' వద్దు, 'పిలుస్తారో లేదో' అన్నచోట పెట్టుకోవచ్చు.

ఈ రెండూ సరిచేసుకుంటే మీ తప్పుల్లో ఎక్కువ భాగం పోతుంది. మిగిలింది, నిజంగా భవిష్యత్తు గురించి మాట్లాడేటప్పుడు ఏది వాడాలన్నది. బీటెక్ తర్వాత ఏంటి అని హెచ్ఆర్ అడిగితే, ముందే అనుకున్న పని కాబట్టి 'ఐయామ్ గోయింగ్ టు టేక్ ద గేట్ ఎగ్జామ్' (ఎంటెక్ సీటు కోసం రాసే పరీక్ష) అనాలి. ఉద్యోగం ఇచ్చేవాళ్ల ముందు ఆ సంగతి చెప్పాలా వద్దా అన్నది వేరే విషయం! ఇక్కడ 'యామ్' మింగేసి 'ఐ గోయింగ్ టు' అనేవాళ్లు చాలామంది, అది చూసుకోండి. టికెట్ కొన్నారు, రోజు ఖాయమైంది అంటే 'ఐయామ్ ట్రావెలింగ్ టు హైదరాబాద్ ఆన్ సండే'. రైలు టైమ్ చెప్పడానికి 'ద ట్రైన్ లీవ్స్ ఎట్ సిక్స్' చాలు.

మరి 'విల్' ఎక్కడ? అప్పటికప్పుడు ఒప్పుకునే పనికి, మాట ఇవ్వడానికి. సర్టిఫికెట్లు పంపగలరా అని అడిగారనుకోండి: 'షూర్ సర్, ఐ విల్ మెయిల్ దెమ్ టుడే.' అదే జాబ్‌లో ఎప్పుడు చేరతారని అడిగితే కొందరు మర్యాద అనుకుని 'ఐ వుడ్ జాయిన్ ఆన్ మండే' అంటారు. వినేవాళ్లకు అది 'చేరుదును గానీ...' అన్నట్టుంటుంది, ఆ 'గానీ' ఏంటా అని చూస్తారు. 'ఐ కెన్ జాయిన్ ఆన్ మండే' అనండి.

అయిదేళ్ల తర్వాత ఎక్కడుంటారన్న ప్రశ్న ఎలాగూ వస్తుంది. 'ఐ విల్ బీ టీమ్ లీడర్' అంటే జాతకం చెప్పినట్టుంటుంది. 'ఐ హోప్ టు బీ లీడింగ్ ఎ స్మాల్ టీమ్' అంటే ఆశా కనిపిస్తుంది, వినయమూ కనిపిస్తుంది. ఫలానా తేదీలోపు పూర్తయ్యే పనికి మాత్రం 'బై మే, ఐ విల్ హ్యావ్ కంప్లీటెడ్ మై ప్రాజెక్ట్' అన్న రూపం నేర్చుకోండి, ఫైనలియర్ వాళ్లకు పనికొస్తుంది. 'విల్ హ్యావ్ బీన్ వర్కింగ్' లాంటివి పరీక్షలో గుర్తుపడితే చాలు, ఇంటర్వ్యూలో వాటి జోలికి వెళ్లొద్దు.

రేపటి నుంచి ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి నాలుగు ప్రశ్నలకు జవాబు చెప్పండి: నాన్నగారి పని, మీ దినచర్య, బీటెక్ తర్వాత ప్లాన్, అయిదేళ్ల తర్వాత. రాసుకుని చదవొద్దు. తర్వాత విని, 'విల్' వచ్చిన ప్రతిచోటా ఆపి ఇది రోజూ జరిగేదా, రేపు జరగబోయేదా అని చూసుకోండి. రూమ్మేట్‌తో కలిసి చేస్తే ఇంకా మంచిది, మన తప్పు మనకంటే పక్కవాళ్లకే ముందు వినపడుతుంది. అసలు ఇంటర్వ్యూలో మాత్రం ఈ లెక్కలు పెట్టుకోకండి. ఒక 'విల్' ఎక్కువ పడితే పడనివ్వండి, మధ్యలో ఆగి సరిచేయబోతే చెప్పాల్సిన విషయమే మర్చిపోతారు.