షో వీడియో అమ్ముతున్నారు, డ్రమ్మర్‌గా నా పేరే లేదు

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక రాక్ బ్యాండ్‌లో డ్రమ్స్ వాయించేవాణ్ని. 2023లో విశాఖలో మేం చేసిన లైవ్ షోను నాలుగు కెమెరాలతో షూట్ చేయించారు. తర్వాత గొడవలొచ్చి బయటికొచ్చేశాను. ఇప్పుడు మిగతావాళ్లు ఆ షోను డబ్బు కట్టి చూసే వీడియోగా ఆన్‌లైన్‌లో పెట్టబోతున్నారు. ఎక్స్‌ట్రాల కింద రిహార్సల్స్, గ్రీన్‌రూమ్ కబుర్లు కూడా కలిపారట. ట్రైలర్‌లో నా పేరు లేదు. నేను ఏ కాగితం మీదా సంతకం పెట్టలేదు. అడిగితే ‘షోకు నీ డబ్బు నీకిచ్చేశాం కదా’ అంటున్నారు. షోలో ఒక పాత సినిమా పాట కూడా వాయించాం. విడుదల ఆపించగలనా?

జవాబు: సంతకం పెట్టకపోవడమే మీ బలం. షోకు ఇచ్చిన డబ్బు ఆ రాత్రి స్టేజీ మీద వాయించినందుకు. దాన్ని రికార్డు చేసి అమ్ముకునే హక్కు అందులో కలిసి రాదు. కాపీరైట్ చట్టం 38ఎ సెక్షన్ ప్రకారం మీ ప్రదర్శనను రికార్డు చేయడం, జనానికి అందించడం మీ అనుమతితో జరగాలి. వీడియోలో చేర్చడానికి మీరు రాతపూర్వకంగా ఒప్పుకుని ఉంటే నిర్మాత దాన్ని వాడుకోవడానికి అడ్డు చెప్పలేరు. అప్పుడు కూడా, వ్యాపారానికి వాడుకుంటే రాయల్టీ మీకు రావాల్సిందే. మీ విషయంలో ఆ ఒప్పుకోలే లేదు. ‘కెమెరాలు కనిపిస్తూనే వాయించాడు, అంటే ఒప్పుకున్నట్టే’ అని వాళ్ల లాయరు తప్పక వాదిస్తాడు. అందుకే షూటింగ్ గురించి అప్పట్లో నడిచిన వాట్సాప్ మెసేజ్‌లు ఒక్కటీ డిలీట్ చేయకండి.

పేరు సంగతి 38బి సెక్షన్ చూసుకుంటుంది. హక్కులన్నీ రాసిచ్చేసినా, ప్రదర్శకుడిగా గుర్తింపు కోరే హక్కు మీ దగ్గరే ఉంటుంది. పాటల సీడీలో తనను ప్రధాన గాయనిగా చూపలేదని నేహా భసీన్ వేసిన కేసులో 2006లో ఢిల్లీ హైకోర్టు ఆమెకు మధ్యంతర ఊరట ఇచ్చింది. అయితే మీ డ్రమ్ సోలోను కత్తిరించారన్న బాధతో మాత్రం కోర్టుకెళ్లకండి. నిడివి కోసం ఎడిట్ చేయడాన్ని చట్టం తప్పుపట్టదు. పైగా రాక్ షోలో డ్రమ్మర్ ప్రతి ఫ్రేమ్‌లోనూ అందరి వెనకా ఉంటాడు, మిమ్మల్ని పూర్తిగా కత్తిరించడం ఎలాగూ వాళ్ల వల్ల కాదు!

ఎక్స్‌ట్రాల్లో రిహార్సల్స్ వేరు, కబుర్లు వేరు. ఎదురుగా ప్రేక్షకులు లేకపోయినా ప్రదర్శన ప్రదర్శనేనని పైన చెప్పిన కేసులోనే కోర్టు అంది. స్టూడియో పాటకు వర్తించిన ఆ మాట రిహార్సల్స్‌కూ వర్తిస్తుందని గట్టిగా వాదించవచ్చు. గ్రీన్‌రూమ్‌లో టీ తాగుతూ మాట్లాడుకున్నది మాత్రం ప్రదర్శన కిందికి రావడం కష్టం. మీ పరువుకు నష్టమో, ప్రైవసీకి భంగమో ఉంటే తప్ప దాని జోలికి వెళ్లకండి.

షూటింగ్ డబ్బు ఎవరిచ్చారో కనుక్కోండి. వేరే ఒప్పందం లేకపోతే డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లదే వీడియో, కెమెరామన్‌ది కాదు. బ్యాండ్ ఉమ్మడి ఖాతా నుంచి ఇచ్చి ఉంటే అందులో మీకూ వాటా అడగవచ్చు. ఆ బ్యాంకు స్టేట్‌మెంట్ సంపాదించండి.

సినిమా పాట ప్రధానంగా వాళ్ల తలనొప్పి. స్టేజీ మీద పాడటానికి తీసుకున్న లైసెన్సు వీడియోకు పనికిరాదు. కవర్ వెర్షన్లకు (వేరేవాళ్ల పాటను మళ్లీ పాడి చేసే రికార్డింగ్‌లకు) 31సి సెక్షన్ ఇచ్చే వెసులుబాటు ఆడియో రికార్డింగ్‌కే. పాట, సంగీతం హక్కుదారుల అనుమతి విడిగా కావాలి. ఆ అనుమతి మీరు ఇచ్చేది కాదని, లాయరు చేత వాళ్లకు పంపించే నోటీసులో ఒక వాక్యం రాయించండి, రేపు మిమ్మల్ని కూడా అందులోకి లాగకుండా.

ఆపించగలరా అంటే, విడుదలకు ముందే వెళితే అవకాశం ఉంది. కేసు మీరుండే హైదరాబాద్‌లోనే వేయవచ్చు, 62వ సెక్షన్ ఆ వీలు ఇచ్చింది. అత్యవసరంగా ఇంజంక్షన్ (విడుదల ఆపమనే కోర్టు ఉత్తర్వు) కోరితే, కమర్షియల్ కోర్టులో కేసు వేసే ముందు జరగాల్సిన మధ్యవర్తిత్వం దాకా ఆగనక్కర్లేదు. తెలిసీ నెలల తరబడి ఊరుకుంటే మాత్రం ‘ఇప్పుడేం తొందర’ అని జడ్జిగారే అడుగుతారు. కానీ నన్నడిగితే, ఆపించడం కంటే పేరు, లెక్కలు, రాయల్టీ వాటా రాబట్టుకోవడం మేలు. వీడియో ఆగిపోతే మీకు పైసా రాదు.

నోటీసు అందగానే వాళ్లు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదని మీరు రాసిచ్చే కాగితం) పట్టుకుని రాజీకి రావచ్చు. గడువు రాయకపోతే ఐదేళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకే అని చట్టం అనుకుంటుంది. కాబట్టి ‘శాశ్వతంగా, ప్రపంచమంతటా’ అన్న మాటలు అందులో ఉంటాయి. రాయల్టీ శాతం, మీ పేరు పడే చోటు రాసి ఉంటేనే సంతకం పెట్టండి.