షాఫ్ట్ విప్పే ముందు

చిరంజీవి సందీప్‌కు,

పెదనాన్న ఆశీస్సులు. నీ పికప్‌కి గేరుబాక్సు నుంచి వెనక చక్రాల్ని తిప్పే ఇనుప ప్రొపెల్లర్ షాఫ్ట్ తీసేసి, కొలతలిచ్చి అల్యూమినియం షాఫ్ట్ చేయించుకుని వేస్తావట. అదీ డల్లాస్‌లో ఇంటి ముందే, నీ చేతుల్తోనే బిగిస్తానంటున్నావని మీ అమ్మ నిన్న ఫోన్లో చెప్పింది. మన ఇంట్లో మళ్లీ ఒకడు స్పానర్ పట్టాడని పొంగిపోయాను. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు.

పని మంచిదే. మీ బండి లాంటి పొడుగు బండికి షాఫ్ట్ రెండు ముక్కలుగా ఉంటుంది, మధ్యలో వాటిని మోస్తూ సెంటర్ బేరింగ్. దాని రబ్బరు పోతే బండి కదిలేటప్పుడు కింద నుంచి వణుకు వస్తుంది. ఒకే ముక్క వేస్తే ఆ బాధ పోతుంది. కానీ అల్యూమినియం తేలిక కాబట్టి ఎంత వేగమైనా తట్టుకుంటుందని ఎవరన్నా అంటే నమ్మకు. అదే లావు, అదే పొడవు గొట్టమైతే ఇనుమైనా అల్యూమినియమైనా దాదాపు ఒకే వేగం దగ్గర విల్లులా వంగి ఊగుతాయి. బరువు మూడో వంతే కాబట్టి ఇంకా లావు గొట్టం వేసుకోవచ్చు, లావైతే ఇంకా ఎక్కువ వేగం దాకా ఊగదు, లాభమంతా అందులో ఉంది. అందుకే సైలెన్సర్ గొట్టానికి, పెట్రోలు ట్యాంకుకి ఎంత సందు ఉందో ముందే చూసుకో.

కొలత, బండి బరువు చక్రాల మీద ఉన్నప్పుడే తియ్యి. యాక్సిల్ వేలాడుతుండగా తీసిన కొలత పనికిరాదు. షాఫ్ట్ ముందు కొసన గేరుబాక్సులోకి జారే స్లిప్ యోక్ లోపలికి ఇంకో అంగుళం జరిగేలా చోటు వదలమని చేసేవాళ్లకి చెప్పు. బ్యాలెన్సింగ్ చేయించకుండా తెచ్చుకోకు. హైవే మీద 75 మైళ్ల వేగంలో షాఫ్ట్ నిమిషానికి 3000 సార్లకు అటూ ఇటూగా తిరుగుతుంది.

ఇక నాకు నిద్ర పట్టనివ్వని సంగతి. షాఫ్ట్ విప్పాక గేరుని పార్కులో (P) పెట్టినా ఒకటే, పెట్టకపోయినా ఒకటే. పార్కు పట్టుకునేది గేరుబాక్సుని. దానికీ చక్రాలకీ మధ్య ఉన్నదే షాఫ్ట్. ఇది నాకు తెలిసొచ్చిన రోజు గురించి ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు.

1984 సంక్రాంతి సెలవులు. నర్సీపట్నం నుంచి చింతపల్లి వెళ్లే ఘాట్‌లో, లంబసింగి ఇంకా పైన ఉందనగా, బియ్యం లోడుతో ఎక్కుతున్న లారీకి సెంటర్ బేరింగ్ పోయింది. షెడ్డు నుంచి నేను వెళ్లాను. మీ నాన్నకి అప్పుడు పద్నాలుగేళ్లు, నేనూ వస్తానని ఏడ్చి వెంటపడ్డాడు. హ్యాండ్ బ్రేకు కేబుల్ తెగిపోయిందని డ్రైవరు ముందే చెప్పాడు. "గేరులో ఉందిగా" అన్నాను. చక్రాలకి రాయి కూడా పెట్టకుండా కిందకి దూరాను. మీ నాన్న వెనక చక్రం పక్కన కూర్చుని స్పానర్లు అందిస్తున్నాడు. ఫ్లాంజ్‌కి నాలుగు బోల్టులు. మూడు తేలిగ్గానే వచ్చాయి. నాలుగోది బిగుసుకుపోతే స్పానర్‌కి పైపు తొడిగి తిప్పాను. అది ఊడటం, లారీ నా ముఖం మీదుగా వెనక్కి జారడం ఒక్కసారే జరిగాయి. రెండు బారలు జారి, వెనక చక్రం కొండ వైపు కాలవలో పడి ఆగింది.

"తమ్ముడూ" అని అరిచాను. పలకలేదు. పాక్కుంటూ బయటికొచ్చి చూస్తే కొండకి వీపు ఆనించి నిలబడి ఉన్నాడు. చేతిలో స్పానర్ ఇంకా నాకు అందిస్తున్నట్టే ఉంది. ఒక కాలికే చెప్పు ఉంది. రెండోది టైరు కింద ఉంది.

దిగేటప్పుడు నర్సీపట్నంలో వాడికి కొత్త చెప్పులు కొని, అమ్మకి చెప్పొద్దని ఒట్టు వేయించుకున్నాను. పోయేదాకా చెప్పలేదు వాడు.

కాబట్టి ఒరేయ్, నా దగ్గర తెలివితేటలు చూపించకు. మీ ఇంటి ముందు నేల వాలుగా ఉంది. మొన్న వీడియో కాల్‌లో పాప బంతి దానంతటదే రోడ్డు మీదకి దొర్లిపోవడం చూశాను. చదునైన చోటుకి తీసుకెళ్లి చెయ్యి. చక్రాలకి ముందూ వెనకా దిమ్మలు పెట్టు. హ్యాండ్ బ్రేకు వెయ్యి, కానీ దాన్నొక్కదాన్నే నమ్ముకోకు. ఉత్త జాకీ మీద ఉంచి కిందకి దూరావంటే నాతో మాట్లాడకు, స్టాండ్లు కొనుక్కో. షాఫ్ట్ కొసల్లో జాయింటుకి ఉండే క్రాస్ కప్పుల్ని సుత్తితో కొట్టకు, అల్యూమినియం మెత్తన, ప్రెస్‌తో ఎక్కించు. పాపని ఆ చుట్టుపక్కలకి రానివ్వకు నాన్నా, స్పానర్ అందిస్తానని ఏడ్చినా సరే.

ఏ రోజు విప్పుతావో చెప్పు. ఇక్కడ అర్ధరాత్రైనా లేచి కూర్చుంటాను. చక్రాల కింద దిమ్మలు నాకు వీడియోలో చూపించాకే మొదటి బోల్టు మీద స్పానర్ వెయ్యి.

మీ పెదనాన్న