స్పానిష్‌లో చోటు చెప్పడానికి ఎస్తార్ అన్నారు కదా, మరి పార్టీకి సెర్ ఎందుకు?

సెర్, ఎస్తార్ రెండూ "ఉండు" అనే అర్థమిచ్చే స్పానిష్ క్రియలే; వాక్యంలో సెర్ "ఎస్" అవుతుంది, ఎస్తార్ "ఎస్తా" అవుతుంది. ఈ రెండు వాక్యాలూ ఒప్పే. "ఎల్ లీబ్రో ఎస్తా ఎన్ లా మెసా" అంటే పుస్తకం బల్ల మీద ఉంది. "లా ఫియెస్తా ఎస్ ఎన్ మి కాసా" అంటే పార్టీ మా ఇంట్లో. పుస్తకం వస్తువు, పార్టీ జరిగేది. వస్తువులు, మనుషులు, ఊళ్లు ఎక్కడున్నాయో చెప్పడానికి ఎస్తార్. ఏదైనా ఎక్కడ జరుగుతుందో చెప్పడానికి సెర్.

శాశ్వతమైతే సెర్, తాత్కాలికమైతే ఎస్తార్ అన్న సూత్రాన్ని చోటు విషయంలో మర్చిపోండి. అది ఇక్కడ తప్పుదారి పట్టిస్తుంది. మచూ పిచ్చూ ఎక్కడికీ కదలదు, అయినా "మచూ పిచ్చూ ఎస్తా ఎన్ పెరూ" అనే అంటారు. పెళ్లి ఒక్కరోజులో అయిపోతుంది, అయినా "లా బోదా ఎస్ ఎన్ సెవియా".

తెలుగులో ఆలోచించేవాళ్లకి తేలికైన పరీక్ష ఒకటుంది. వాక్యంలో "ఉంది" బదులు "జరుగుతుంది" పెట్టి చూడండి. "మీటింగ్ మూడో గదిలో జరుగుతుంది" అనొచ్చు, కాబట్టి "లా రెఉనియోన్ ఎస్ ఎన్ లా సాలా త్రెస్". "తాళాలు గదిలో జరుగుతాయి" అనం, కాబట్టి ఎస్తార్. భూతకాలంలోనూ అంతే: 1992 ఒలింపిక్స్ గురించి "ఫుయెరోన్ ఎన్ బార్సెలోనా" (సెర్) అనాలి, "ఎస్తువియెరోన్" (ఎస్తార్) కాదు.

అసలు చిక్కు రెండు అర్థాలున్న మాటలతో. "ఎల్ ఎక్సామెన్ ఎస్ ఎన్ ఎల్ ఔలా సింకో" అంటే పరీక్ష 5వ గదిలో జరుగుతుంది. "ఎల్ ఎక్సామెన్ ఎస్తా ఎన్ లా మెసా" అంటే పరీక్ష పేపరు బల్ల మీద ఉంది. కొమీదా కూడా ఇంతే: భోజనాల కార్యక్రమమైతే ఎస్, వండిన తిండి అయితే ఎస్తా. "ఎల్ కొన్సియెర్తో ఎస్తువో మూయ్ బియెన్" అన్నది వినిపిస్తే కంగారుపడకండి. అది కచేరీ బాగుందని చెప్పడమే, చోటు గురించి కాదు.

మనవాళ్లు ఇంతకంటే ఎక్కువ తప్పేది "అయ్" దగ్గర. ఫలానాది ఒకటి ఉందని కొత్తగా చెప్పే మాట ఇది. తెలుగులో "ఉంది" ముందు ఏ మాట ఉందో చూడండి. "ఈ వీధిలో మందుల షాపు ఉంది": "ఉంది" పక్కన వస్తువు వచ్చింది, అంటే కొత్త విషయం. కాబట్టి "అయ్ ఉనా ఫార్మాసియా ఎన్ ఎస్తా కాయె". "మందుల షాపు ఈ వీధిలో ఉంది": పక్కన చోటు వచ్చింది, షాపు ఏదో ముందే తెలుసు. కాబట్టి "లా ఫార్మాసియా ఎస్తా ఎన్ ఎస్తా కాయె". అయ్ తర్వాత ఉన్, ఉనా (ఒక), అంకెలు, ముచోస్ (చాలా) లాంటివి వస్తాయి. ఎల్, లా (ఇంగ్లీషు "ద" లాంటివి) మామూలుగా రావు. బహువచనమైనా అయ్ మారదు. భూతకాలంలో "అబీయా" కూడా మారదు. "అబీయాన్ దోస్ కోచెస్" (రెండు కార్లు ఉండేవి) అని మాటల్లో వినిపిస్తుంది గానీ, రాస్తే తప్పు కిందే లెక్క.

"ఎన్" మన "లో"కీ "మీద"కీ రెండింటికీ సరిపోతుంది. "ఎన్ లా నెవెరా" అంటే ఫ్రిజ్‌లో అనే అర్థం చేసుకుంటారు. ఫ్రిజ్ పైన పెట్టారని చెప్పాలంటే "ఎన్సీమా దె లా నెవెరా" అనాలి. దె తర్వాత ఎల్ వస్తే రెండూ కలిసి దెల్: "దెబాహో దెల్ కోచె", కారు కింద. "దెలాంతె దెల్ ఓతెల్" అంటే హోటల్ ముందు. "ఎన్ఫ్రెంతె దెల్ ఓతెల్" అంటే సాధారణంగా రోడ్డుకి అవతల, ఎదురుగా. టాక్సీ ఎక్కడ ఆగాలో చెప్పేటప్పుడు ఈ తేడా బాగా పనికొస్తుంది.

దూరం చెప్పేటప్పుడు ఎస్తార్ తర్వాత "ఆ" వదిలేయకండి: "తొలేదో ఎస్తా ఆ ఉనోస్ సెతెంతా కిలోమెత్రోస్ దె మాద్రీద్", టొలీడో మాడ్రిడ్‌కి సుమారు 70 కిలోమీటర్లు. నిమిషాల్లో చెప్పినా అంతే: "ఆ దియెస్ మినూతోస్", పది నిమిషాల దూరంలో.

"దోందె కేదా ఎల్ ముసెఓ?" (మ్యూజియం ఎక్కడుంది?) అని కూడా అడుగుతారు, ముఖ్యంగా లాటిన్ అమెరికాలో. ఈ కేదార్ అనే క్రియ కదలని వాటికే: భవనాలు, వీధులు, ఊళ్లు. ఫోన్ ఎక్కడుందో, అన్నయ్య ఎక్కడున్నాడో అడగాలంటే మళ్లీ ఎస్తారే.