పీరియడ్ ముందు రొమ్ము నొప్పి: శ్యావ్‌యావ్ మాత్రలు అందరికీ పనికిరావు

నెలసరికి వారం ముందు రొమ్ములు బరువెక్కి నొప్పి పుడుతున్నాయి, బ్లీడింగ్ మొదలవగానే తగ్గుతోంది, చైనా మందు శ్యావ్‌యావ్ ఆన్‌లైన్‌లో కొనొచ్చా అని అడిగారు. కొనేముందు మీ నొప్పి తీరు తేల్చుకోండి. సంప్రదాయ చైనా వైద్యంలో ఒకే నొప్పికి తీరును బట్టి మందు మారిపోతుంది.

వాళ్ల లెక్కలో చనుమొన కాలేయానిది, రొమ్ము జీర్ణాశయానిది. ఈ ‘కాలేయం’ స్కానింగ్‌లో కనపడేది కాదు, కాలేయ రక్తపరీక్ష (ఎల్‌ఎఫ్‌టీ) నార్మల్‌గా ఉన్నా దీనికి సంబంధం లేదు. దాని నాడి, అంటే శక్తి పారే దారి, కాలి బొటనవేలి దగ్గర మొదలై పక్కటెముకల మీదుగా పోతుంది. కోపమో దిగులో దిగమింగితే ఆ దారిలో ‘చీ’ అనే ప్రాణశక్తి అడ్డుపడి, నెలసరి ముందు ఒత్తిడి పెరుగుతుందంటారు. బిగుతుగా పొంగినట్టు నొప్పి, డొక్కల్లో పట్టేసినట్టుండటం, చిరాకు, మాటిమాటికీ నిట్టూర్పు ఉంటే ఈ రకమే. శ్యావ్‌యావ్ దీనికే: ఛాయ్‌హు, డాంగ్‌గ్వే, బాయ్‌షావ్, బాయ్‌జు, ఫులింగ్ అనే చైనా మూలికలు సమపాళ్లు, అతిమధురం అందులో సగం, కాస్త అల్లం, పుదీనా జాతి ఆకు. కషాయం కాస్తే ఆకును దించే ముందు వేయాలి, లేకపోతే ఆ వాసనంతా ఆవిరైపోతుంది.

దీనికి తోడు చనుమొనల్లో మంట, నోరు చేదు, నాలుక అంచులు ఎర్రబడటం ఉంటే రెండు చలవ మూలికలు కలిపిన జ్యావే శ్యావ్‌యావ్ ఇస్తారు. అందులోని గార్డీనియా కాయ ఏళ్ల తరబడి వాడినవాళ్లలో పెద్దపేగు రక్తనాళాలు గట్టిపడిన కేసులు జపాన్‌లో నమోదయ్యాయి. నొప్పి నెలసరి అయ్యాక వస్తూ, రొమ్ములు మెత్తగానే ఉండి, కళ్లు పొడిబారి, నడుము నీరసంగా ఉంటే అది లోపం రకం, అంటే ఒంట్లో తడి తగ్గినది. ఎక్కువమంది పొరబడి దీనికీ శ్యావ్‌యావ్ వాడేది ఇక్కడే. అందులోని ఛాయ్‌హు దేహంలోని తడిని ఇంకా ఎండగొడుతుందని పాత వైద్యులే హెచ్చరించారు.

మందు లేకుండా మొదలుపెట్టాలంటే తాయ్‌చోంగ్ అనే అక్యుప్రెషర్ బిందువు చూడండి. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య సందులోంచి పాదం పైకి వేలు జరుపుతూ వెళ్తే, రెండు ఎముకలు కలిసేచోటికి ముందు గుంట తగులుతుంది. రెండు పాదాలకూ ఒక్కో నిమిషం చొప్పున నొక్కండి, నొప్పి రాకముందే మొదలుపెట్టండి. మణికట్టు లోపలివైపు గీతకు మూడు వేళ్ల వెడల్పు పైన, రెండు నరాల్లాంటి స్నాయువుల మధ్య నేగ్వాన్ అనే మరో బిందువు ఉంటుంది. గర్భం ఉండొచ్చనిపిస్తే పాదం బిందువు వదిలేయండి. రొమ్ము మీద, చుట్టుపక్కల సూదులు మాత్రం నైపుణ్యం లేనివాళ్లతో వేయించుకోవద్దు, ఊపిరితిత్తికి గుచ్చుకునే ప్రమాదముంది. ఈ నొప్పికి అక్యుప్రెషర్ మీద గట్టి ఆధారాలు తక్కువ. పట్టి ఉంచే సరైన బ్రా, డాక్టర్ సలహాతో నొప్పి తగ్గించే డైక్లోఫెనాక్ జెల్ అంతకంటే నమ్మదగినవి.

రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ వాడేవాళ్లకు డాంగ్‌గ్వే వద్దు, రక్తస్రావం పెరగొచ్చు. బీపీ ఉన్నవాళ్లు అతిమధురం రోజూ తీసుకోకూడదు, పొటాషియం పడిపోతుంది. రొమ్ము పొంగుకు చెప్పే మొలకెత్తిన బార్లీని పాలిచ్చే తల్లులు ముట్టుకోకపోవడమే మంచిది, పాలు తగ్గించడానికి వాడేదీ అదే.

నొప్పి ఒకేచోట ఉండిపోయినా, నెలసరి తర్వాత కూడా గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా, చర్మం లోపలికి లాగినట్టున్నా ఏ మూలికా వాడకుండా ముందు బ్రెస్ట్ సర్జన్‌కు చూపించండి.