గుండె 180 కొట్టుకుంటోంది, ఆస్పత్రికి వెళ్తే ఈసీజీ నార్మల్ అంటున్నారు, ఏం చేయాలి?

మీ ప్రశ్న ఇదీ: ఉన్నట్టుండి పల్స్ 180 దాకా పోతోంది, 20 నిమిషాలో అరగంటో ఉండి దానంతటదే ఆగుతోంది, ఆస్పత్రికి చేరేసరికి ఈసీజీ మామూలుగా వస్తోంది, టెన్షన్ తగ్గించుకోమని పంపేస్తున్నారు. నాకూ ఇదే సమస్య ఉంది కాబట్టి కాస్త వివరంగా రాస్తున్నాను.

ముందు జాగ్రత్త. దడతో పాటు స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి, ఊపిరి అందకపోవడం ఉంటే ఇంట్లో ఏ ప్రయత్నమూ చేయకుండా అంబులెన్స్ పిలవండి. ఇదివరకే గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు, దడ మొదటిసారి వచ్చినవాళ్లు కూడా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి. బండి నడుపుతుంటే పక్కకి ఆపేయండి, ఆస్పత్రికి కూడా మీరే నడుపుకుంటూ వెళ్లొద్దు.

ఇక టెన్షన్ సంగతి. ఆందోళన వల్ల వచ్చే దడ మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. మీకు స్విచ్ వేసినట్టు మొదలై, స్విచ్ తీసినట్టు ఆగుతోందంటే ఎస్‌వీటీ (గుండె పై భాగంలో కరెంటు దారి తప్పి ఉన్నట్టుండి గుండె వేగంగా కొట్టుకునే సమస్య) అని అనుమానించాలి. దడ వచ్చినప్పుడు మెడలో కూడా టపటపా కొట్టుకుంటోందా? ఆగాక ఎక్కువగా మూత్రం వస్తోందా? గుండె పై గదులు సాగినప్పుడు విడుదలయ్యే ఒక హార్మోన్ వల్ల అలా జరుగుతుంది. ఈ రెండూ డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి. చాలామంది సంబంధం లేదనుకుని వదిలేస్తారు.

రోగ నిర్ధారణ కావాలంటే దడ ఉన్నప్పుడే ఈసీజీ తీయించాలి. అన్నిటికంటే ముఖ్యం ఇదే. పెద్ద ఆస్పత్రి కోసం చూడకుండా దగ్గర్లో ఈసీజీ మెషిన్ ఉన్న ఏ క్లినిక్‌కైనా ఎవరినైనా తీసుకెళ్లమనండి. 12 లీడ్ల (ఆస్పత్రుల్లో తీసే పూర్తి) ఈసీజీ ఒక్కటి దొరికితే నెలల తరబడి తిరుగుడు తప్పుతుంది. ఆ కాగితం ఫొటో తీసి ఫోన్‌లో పెట్టుకోండి, థర్మల్ పేపర్ మీద గీతలు కొన్నాళ్లకు వెలిసిపోతాయి. నెలకోసారి వచ్చే దడకి 24 గంటల హోల్టర్ (ఒంటికి తగిలించే ఈసీజీ రికార్డర్) పెట్టి లాభం లేదు, ఛాతీకి అంటించే 14 రోజుల ఈసీజీ ప్యాచ్ గురించి అడగండి. ఈసీజీ తీసే స్మార్ట్‌వాచ్ ఉంటే 30 సెకన్ల రికార్డింగ్ పీడీఎఫ్‌గా దాచుకోండి. వాచ్ వెనక పచ్చ లైట్ చూపించే పల్స్ అంకె మాత్రం ఈసీజీ కాదు, వేగం ఎక్కువైనప్పుడు అది తప్పు కూడా చూపిస్తుంది.

దడ లేనప్పుడు తీసిన ఈసీజీని కూడా పారేయొద్దు. అందులో డెల్టా వేవ్ (బీట్ మొదట్లో గీత ఏటవాలుగా లేవడం) ఉంటే పుట్టుకతో ఒక అదనపు విద్యుత్ దారి ఉందని అర్థం. అలాంటివాళ్లకు కొన్ని పరిస్థితుల్లో వెరాపమిల్, డిగాక్సిన్ అనే గుండె మందులు ప్రమాదం. అందుకే ఎమర్జెన్సీలో ఆ కాగితం చూపించాలి.

ఎస్‌వీటీ అని తేలాక ఇంట్లో చేయగలిగింది వాల్‌సాల్వా, అంటే బిగబట్టి గట్టిగా ఊదే పద్ధతి. ఎక్కువ రకాల్లో కరెంటు ఏవీ నోడ్ (గుండె పై గదుల నుంచి కింది గదులకు కరెంటు దాటే చోటు) గుండా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. గుండె వేగాన్ని తగ్గించే వేగస్ నరం ఆ నోడ్‌ని ఒక్క క్షణం నెమ్మదింపజేస్తే ఆ చక్రం తెగిపోతుంది. పద్ధతి ఇదీ: దిండ్లకి ఆనుకుని సగం పడుకోండి. సూది తీసేసిన 10 ఎంఎల్ సిరంజి మొనలోకి, పిస్టన్ కాస్త కదిలేంత గట్టిగా, 15 సెకన్లు ఊదండి. వెంటనే వెల్లకిలా పడుకోండి, పక్కన ఉన్నవాళ్లు మీ కాళ్లు 45 డిగ్రీల ఎత్తుకు లేపి 15 సెకన్లు పట్టుకోవాలి. తర్వాత మళ్లీ సగం లేచి ముప్పావు నిమిషం ఆగి పల్స్ చూడండి.

2015లో వెలువడిన బ్రిటన్ ట్రయల్‌లో మామూలుగా కూర్చుని ఊదినవాళ్లలో 17 శాతం మందికి దడ ఆగితే, ఇలా కాళ్లు లేపినవాళ్లలో 43 శాతం మందికి ఆగింది. విఫలమయ్యేది ఎక్కువగా మూడు చోట్ల: బుగ్గలు ఉబ్బించడమే తప్ప ఛాతీలో ఒత్తిడి రాకపోవడం, 7-8 సెకన్లకే వదిలేయడం, ఊదడం ఆపాక పడుకోవడానికి ఆలస్యం చేయడం. కొత్త సిరంజిలో రబ్బరు బిగుసుకుని ఉంటుంది, ముందే ఒకటి రెండుసార్లు లాగి వదులు చేసి పెట్టుకోండి. ఒంటరిగా ఉంటే గోడ పక్కన పడుకుని కాళ్లు గోడకి ఆనించండి. ఇటీవల కంటి ఆపరేషన్ అయినవాళ్లు, రెటీనా సమస్య లేదా గుండె కవాటం ఇరుకైన సమస్య ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఇది చేయకూడదు. కళ్లు నొక్కడం, మెడ నరం రుద్దడం సొంతంగా ఎప్పుడూ వద్దు.

రెండు మూడు ప్రయత్నాలకి ఆగకపోతే ఆస్పత్రికి పదండి. అక్కడ అడినోసిన్ (నోడ్‌ని కొద్ది సెకన్లు ఆపే మందు) 6 మిల్లీగ్రాములు, చాలకపోతే 12, మోచేతి దగ్గరి పెద్ద సిరలోకి వేగంగా ఎక్కించి వెంటనే సెలైన్ తోస్తారు. రక్తంలో అది 10 సెకన్లు కూడా నిలవదు, అందుకే అంత హడావిడి. ఆ కొద్ది సెకన్లు ఛాతీ బిగుసుకుని ప్రాణం పోతున్నట్టు అనిపిస్తుంది. ఆ సంగతి ముందే తెలిస్తే భయం సగం తగ్గుతుంది. ఆస్తమా ఉన్నా, డైపిరిడమోల్ (రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే మందు) వాడుతున్నా ఇంజెక్షన్‌కి ముందే చెప్పాలి. ఇంజెక్షన్ ఇచ్చేటప్పుడు ఈసీజీ ఆపకుండా నడపమని అడగండి, దడ ఆగే క్షణంలో వచ్చే గీతలే ఏ రకమో చెప్పేస్తాయి.

రోజువారీ విషయాల్లో నిద్ర తక్కువవడం, నీళ్లు సరిగ్గా తాగకపోవడం, మద్యం, ముక్కు దిబ్బడకి వాడే సూడోఎఫెడ్రిన్ మాత్రలు, ఆస్తమాకి వాడే సాల్బుటమాల్ ఇన్‌హేలర్ దడని రేపొచ్చు, వాటిని చూసుకోవాలి. ఇన్‌హేలర్ మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. థైరాయిడ్, హిమోగ్లోబిన్, పొటాషియం, మెగ్నీషియం ఒకసారి పరీక్ష చేయించండి.

బీటా బ్లాకర్ (గుండె వేగం తగ్గించే మాత్ర) రాస్తే రాసిన మోతాదే వేసుకోండి. దడ వచ్చిందని అదనంగా మింగితే, దడ ఆగిన వెంటనే బీపీ పడిపోయి కళ్లు తిరగొచ్చు.

దడ తరచూ వస్తుంటే ఏళ్ల తరబడి మాత్రలు మింగడం కన్నా గుండె కరెంటు సమస్యలు చూసే ఎలక్ట్రోఫిజియాలజిస్ట్‌ని కలిసి అబ్లేషన్ గురించి మాట్లాడటమే మేలని నా అభిప్రాయం. తొడ సిర గుండా సన్నటి తీగలు పంపి ఆ అదనపు దారిని కాల్చేస్తారు. నోడ్‌లోనే రెండు దారులుండే రకంలో 95 శాతం పైగా సఫలమవుతుంది. నోడ్ దెబ్బతిని పేస్‌మేకర్ అవసరమయ్యే ప్రమాదం సుమారు 1 శాతం లేదా అంతకంటే తక్కువ, ఆ డాక్టర్ దగ్గర అది ఎంత ఉందో నేరుగా అడగండి. చేయించుకున్నాక కొన్ని వారాలు అప్పుడప్పుడు ఒక బీట్ తప్పినట్టు అనిపించడం మామూలే. నిమిషాల తరబడి 180 కొట్టుకుంటేనే మళ్లీ ఈసీజీకి పరిగెత్తండి.